తాటాకులు, రాగి రేకులు, గంజపా ముక్కలు: ఇంట్లోనే పద్ధతిగా ఫోటోలు తీయడం ఎలా?

పర్లాకిమిడి నుంచి మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. తాతగారి పెట్టెలో తాటాకు కట్టలు, కడియానికి గుచ్చిన రాగి రేకులు, లక్క పూసిన గుండ్రటి గంజపా పేకముక్కలు, జమీందారీ కాలపు కాగితాలు కొన్ని దొరికాయి. ఆకుల మీద చాలాచోట్ల అక్షరం ఆనడం లేదు. ఫోన్‌తో తీస్తే చాలా, డీఎస్ఎల్ఆర్ కొనాలా, స్కానర్ కొనాలా? కట్ట ఎప్పటిదో ఎలా తెలుస్తుంది? మసి పూస్తే అక్షరాలు తేలతాయని ఒక పెద్దాయన చెప్పారు, పూయవచ్చా? వీలైతే గుమ్మా, సెరంగో వైపు సవర ఊళ్ళల్లో గోడబొమ్మలు కూడా తీయాలని ఉంది.

గంజాం, గజపతి జిల్లాల్లో గుళ్ళకూ ఇళ్ళకూ వెళ్ళి ఇలాంటి వస్తువులు ఫోటో తీసే పని నేను చాలా ఏళ్ళుగా చేస్తున్నాను. నాకు తెలిసింది చెప్తాను.

ముందు మసి సంగతి. మిగతావి ఆగుతాయి గానీ అది ఆగదు. ఫోటోలు పూర్తయ్యేదాకా ఆకుల మీద మసి గానీ, పసుపు గానీ, పసరు గానీ, నూనె గానీ ఏదీ రాయకండి. పెద్దాయన చెప్పింది పనికిమాలిన మాటేమీ కాదు. గంటంతో, అంటే ఆకు మీద రాసే ఇనుప మొనతో, గీసిన అక్షరం ఒక సన్నటి గాడి. దీపపు మసిని నూనెలోనో పసరులోనో కలిపి ఆకు మీద రుద్ది తుడిస్తే గాడిలో మసి నిలిచిపోయి అక్షరం నల్లగా పైకి తేలుతుంది. మన పెద్దలు చదువుకున్నది అలాగే. అయితే మసికి అక్షరం ఏదో, పురుగు తొలిచిన దారి ఏదో, ఎవరి గోరో గీరిన గీత ఏదో తెలియదు. అన్నిట్లోకీ ఒకేలా దిగుతుంది. దిగాక పాత మసి ఎంత, కొత్తది ఎంత అని విడదీయడం ఎవరి తరమూ కాదు. అందుకని ముందు ఉన్నది ఉన్నట్టు ఫోటో తీయాలి. ఆ తర్వాత మసి కావాలా వద్దా అన్నది తాళపత్రాల సంరక్షణ తెలిసినవాళ్ళు ఆకును చేత్తో పట్టుకుని చూసి చెప్పాలి. కింద చెప్పే పద్ధతుల్లో వెలుతురు వేసి తీస్తే చాలా ఆకులకు ఆ అవసరమే రాదు.

ఇక కెమెరా. ఇది అభిప్రాయాలతో తేలే విషయం కాదు, లెక్క వేస్తే మీకే తెలుస్తుంది. మన వైపు తాటాకు సుమారుగా 30 నుంచి 45 సెంటీమీటర్ల పొడవు, 3, 4 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. 40 సెంటీమీటర్ల ఆకు అనుకుందాం. 24 మెగాపిక్సెళ్ళ కెమెరాలో ఫోటో అడ్డంగా 6,000 పిక్సెళ్ళు ఉంటుంది. ఆకు ఫ్రేమ్ నిండా పడితే మిల్లీమీటరుకు 15 పిక్సెళ్ళు. గంటం గీత 0.2 మిల్లీమీటర్ల వెడల్పు అనుకుంటే ఆ గీతకు 3 పిక్సెళ్ళు దక్కుతాయి. చదవడానికి అది చాలు. 12 మెగాపిక్సెళ్ళ ఫోన్‌లో అడ్డంగా 4,000 పిక్సెళ్ళే కాబట్టి గీతకు రెండే వస్తాయి, అదీ లెన్స్ పదునుగా ఉంటే. అంచేత ఫోన్ అయితే ఒక్కో ఆకును రెండు సగాలుగా తీయండి, మధ్యలో నాలుగు వేళ్ళ మేర రెండు ఫోటోల్లోనూ పడాలి. ఫోన్‌లో ప్రో మోడ్ పెట్టి రా ఫైల్, అంటే ఫోన్ దిద్దని ముడి ఫోటో, తీసుకోండి. హెచ్‌డీఆర్, బ్యూటీ లాంటివన్నీ ఆపేయాలి, ఎందుకంటే ఫోన్ తనకు తోచినట్టు గరుకును నున్నగా చేసేస్తుంది, మనకు కావలసింది ఆ గరుకే. వైడ్ లెన్స్ వాడకండి, ఆకు చివర్లు సాగినట్టు వస్తాయి. కాస్త దూరం జరిగి రెండింతల జూమ్ ఉన్న లెన్స్ వాడండి.

డబ్బు పెట్టగలిగితే సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్, 50 లేదా 60 మిల్లీమీటర్ల మాక్రో (దగ్గరి వస్తువులు తీసే) లెన్స్ చాలు. కొత్తది అక్కర్లేదు. మిగిలిన డబ్బు స్టాండు మీదా లైట్ల మీదా పెట్టండి. స్కానర్ మాత్రం వద్దు. మూత మూస్తే ఎండిన ఆకు విరుగుతుంది, మూయకపోతే వంపు తిరిగిన ఆకు సగం ఫోకస్‌లో ఉండదు. పైగా స్కానర్ వెలుతురు ఒకే పక్క నుంచి వస్తుంది, దాన్ని మనం మార్చలేం. ఈ పనిలో అన్నిటికన్నా ముఖ్యమైంది వెలుతురును మన ఇష్టం వచ్చిన వైపు నుంచి వేయగలగడం.

నా దృష్టిలో శాస్త్రీయమైన ఫోటోకు మూడు పరీక్షలు. దాన్ని చూసి ముక్కూమొహం తెలియని మనిషి వస్తువును కొలవగలగాలి. రంగును సరిపోల్చగలగాలి. పదేళ్ళ తర్వాత ఇంకొకరు అదే విధంగా తీసి, ఈ పదేళ్ళలో ఏం పాడైందో చెప్పగలగాలి. ఈ మూడూ నెగ్గితే అది పాత ఫోన్‌తో తీసినా దస్త్రమే. లేకపోతే లక్షల కెమెరాతో తీసినా జ్ఞాపకంగా దాచుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

కొలవగలగాలంటే కెమెరా ఆకుకు సరిగ్గా సమాంతరంగా ఉండాలి. స్పిరిట్ లెవెల్‌తో కుస్తీ పట్టక్కర్లేదు. ఆకు పెట్టే చోట ఒక చిన్న అద్దం ముక్క పరిచి పెట్టండి. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, చూడండి. లెన్స్ తన బొమ్మను తానే అద్దంలో చూస్తుంది. ఆ లెన్స్ నడిబొడ్డు సరిగ్గా ఫ్రేమ్ మధ్యకు వచ్చేదాకా స్టాండు సర్దండి. అంతే, సమాంతరం కుదిరినట్టే. ఆ పైన నేల మీదా స్టాండు కాళ్ళ దగ్గరా టేపు ముక్కలు అంటించి పెట్టుకోండి, మర్నాడు మళ్ళీ మొదటికి రాకుండా ఉంటుంది. అపర్చర్ ఎఫ్/8, ఐఎస్ఓ 100, షట్టర్ వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమర్. గదిలో ఫ్యాన్ ఆపేయండి. విరిగిన ఆకు తునక ఫ్యాన్ గాలికి మంచం కిందకు పోయిందంటే ఆ పుటలో ఒక పాదం పోయినట్టే.

మొదటి విడత ఫోటోలకు వెలుతురు రెండు పక్కలా 45 డిగ్రీల కోణంలో, సమానంగా ఉండాలి. రెండూ ఒకే రకం ఎల్ఈడీలు, రంగును నిజాయితీగా చూపేవి, అంటే పెట్టె మీద సీఆర్ఐ 95 లేదా ఆ పైన అని రాసి ఉన్నవి తీసుకోండి. కిటికీ వెలుతురూ ట్యూబ్‌లైటూ కలవనివ్వకండి. ప్రతి ఫ్రేమ్‌లోనూ ఆకు పక్కన ఒక స్కేలు, రంగు సరిచూసుకోవడానికి బూడిదరంగు కార్డు ఉండాలి. 24 గళ్ళ రంగుల చార్టు ఖరీదైనదే, కానీ గంజపా ముక్కలకు అది లేకుండా పని జరగదు. కట్ట మొత్తానికి వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ ఒక్కటే ఉండాలి, ఆకు ఆకుకూ మార్చకండి. ఆటో పెడితే నల్లబడ్డ ఆకూ లేత ఆకూ ఒకే రంగులో వచ్చి, ఏది ఎంత చెడిందో తెలియకుండా పోతుంది.

రెండో విడత అసలైనది. మసి పోయిన ఆకు మీద గాడి అలాగే ఉంటుంది. రెండు పక్కల నుంచీ సమానంగా వెలుతురు పడితే గాడికి నీడ ఉండదు, అందుకే అక్షరం కనబడదు. గది చీకటి చేసి, ఒకే ఒక టార్చిని ఆకు పక్కన కిందికి దించి, దాదాపు ఆకును రాసుకుంటూ పోయేలా 10, 15 డిగ్రీల కోణంలో వేయండి. సాయంత్రపు ఎండలో దుక్కి చాళ్ళు దూరం నుంచి కూడా లెక్కపెట్టేలా కనబడతాయి చూడండి, సరిగ్గా అదే. పొద్దున ఖాళీగా కనిపించిన ఆకు మీద వరసలు వరసలుగా అక్షరాలు లేస్తాయి. ఈ క్షణం చూడటానికే నాకు ఇప్పటికీ ఈ పని మీద విసుగు రాదు.

ఇక్కడ మన లిపితో ఒక చిక్కుంది. తెలుగైనా ఒడియా అయినా అక్షరం గుండ్రం. వెలుతురు ఎడమ నుంచి వస్తే, దానికి అడ్డంగా ఉన్న గీతలకే నీడ పడుతుంది, వెలుతురు దారిలోనే సాగే గీత మాయమవుతుంది. సున్నాను ఎడమ నుంచి వెలిగిస్తే రెండు పక్కలూ కనబడి, పైనా కిందా తెగిపోయినట్టు ఉంటుంది. తలకట్టు ఉందా లేదా, గుడి ఉందా లేదా అన్నదాని మీద అర్థం ఆధారపడే చోట ఇది ప్రమాదం. అందుకని ఒకే ఫోటో చాలదు. కెమెరా, ఆకు కదలకుండా టార్చిని నాలుగు దిక్కుల నుంచీ వేసి నాలుగు తీయండి. తర్వాత నాలుగూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

ఈ నాలుగు దిక్కుల ఆలోచననే కొనదాకా తీసుకెళ్తే వచ్చే పద్ధతి మీ రాగి రేకులకు కావాలి. హ్యూలెట్ ప్యాకర్డ్ ప్రయోగశాలలో టామ్ మాల్జ్‌బెండర్ బృందం 2001లో దీనికి పునాది వేసింది. ఇప్పుడు దీన్ని ఆర్‌టీఐ (రిఫ్లెక్టెన్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ ఇమేజింగ్) అంటున్నారు. వస్తువు కదలదు, కెమెరా కదలదు, వెలుతురు ఒక్కటే వస్తువు చుట్టూ గొడుగు ఆకారంలో తిరుగుతుంది. ఒక్కో చోట ఒక్కో ఫోటో. అన్నీ కలిపి సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, వస్తువు మీద ప్రతి బిందువు ఎటు వాలి ఉందో అది లెక్క కడుతుంది. ఆ తర్వాత స్క్రీన్ మీద మౌస్ కదిపితే వెలుతురు కదులుతుంది, రేకును చేతిలో పట్టుకుని కిటికీ దగ్గర తిప్పి చూస్తున్నట్టే. రంగును పూర్తిగా తీసేసి ఎత్తుపల్లాల్ని మాత్రమే మెరిపించి చూపే మోడ్ కూడా ఉంది. తుప్పు మరకల వల్ల కంటికి ఏమీ దొరకని రేకుల మీద అక్షరాలు పట్టుకోవడానికి ఇంతకన్నా మంచిది నేను చూడలేదు.

ఖర్చు భయపడేంత ఏమీ లేదు. రేకు 18 సెంటీమీటర్ల పొడవు, 8 సెంటీమీటర్ల వెడల్పు అనుకోండి, మూల నుంచి మూలకు సుమారు 20 సెంటీమీటర్లు. టార్చి దూరం దానికి 3, 4 రెట్లు ఉండాలి కాబట్టి 80 సెంటీమీటర్ల దారం ఒకటి టార్చికి కట్టండి. ప్రతి ఫోటోకూ ముందు దారం రెండో కొసను రేకు మధ్యకు, తగలకుండా, చాచి చూసి దూరం సరిచూసుకుని, దారం తప్పించి క్లిక్ చేయాలి. ఇద్దరుంటే హాయిగా సాగుతుంది. ఫ్రేమ్‌లో రేకుకు రెండు పక్కలా మెరిసే నల్ల గోళాలు రెండు పెట్టండి. మరక లేని నల్ల గాజు గోళీ అయినా సరే, నిజంగా గుండ్రంగా ఉంటే చాలు, ఫోటోలో దాని అడ్డుకొలత 250 పిక్సెళ్ళకు తగ్గకూడదు. గోళీ మీద పడే మెరుపుచుక్కను బట్టే సాఫ్ట్‌వేర్ టార్చి ఎక్కడుందో తెలుసుకుంటుంది. టార్చి ఎత్తు 15 డిగ్రీల నుంచి 65 డిగ్రీల దాకా మారుస్తూ చుట్టూ 40, 50 ఫోటోలు తీయండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ మాన్యువల్. ఆర్‌టీఐ బిల్డర్, రీలైట్ అనేవి రెండూ ఉచితమే. మధ్యలో రేకు గోరంత కదిలినా మళ్ళీ మొదటి నుంచి తీయాలి.

రేకుల విషయంలో చేయకూడనివి మూడు. కడియం కోయకూడదు. కడియానికుండే ముద్ర కూడా శాసనంలో భాగమే. పూర్వం కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల రేకులైతే దాని మీద నంది ఉండటం మామూలు. రేకులు పూర్తిగా విచ్చుకోకపోతే కింద స్పాంజి ముక్కలు ఆనించి, ఎంత తెరుచుకుంటే అంత తీయండి. రెండోది, చింతపండుతో తోమకూడదు. పూజసామాను తోమినట్టు తోమి, తళతళలాడే రేకును ఎంతో సంబరంగా చూపించే ఇళ్ళు మన వైపు ఉన్నాయి. పులుపు తుప్పును మాత్రమే తినదు, అక్షరం అంచును కూడా తింటుంది, ఆ అంచే మనకు నీడ ఇచ్చేది. మూడోది, తడి కాగితం పరిచి బ్రష్షుతో కొట్టి సిరా అద్ది అచ్చు తీసే పద్ధతి ఇంట్లో ప్రయత్నించకండి. పూర్వపు శాసన పరిశోధకులకు ఆ అచ్చులే ప్రాణం. మీ ఊళ్ళోనే పాఠాలు చెప్పుకుంటూ గిడుగు రామమూర్తి పంతులుగారు ముఖలింగం శాసనాలు చదివి, గాంగుల పాత రాజధాని కళింగనగరం అదేనని చెప్పగలిగారు. రాతి మీద చేయి తిరిగినవాళ్ళు చేస్తే అది ఇప్పటికీ మంచి పద్ధతే. పలచటి రేకు మీద మాత్రం ఇంట్లో వద్దు. రేకు మీద లేతాకుపచ్చ పొడి చుక్కలు చుక్కలుగా రాలుతుంటే అది మామూలు చిలుము కాదు, లోహాన్ని లోపల నుంచి తినే జబ్బు. తేమ తగలకుండా విడిగా పెట్టి సంరక్షకులకు వెంటనే చూపించండి.

మళ్ళీ ఆకుల దగ్గరకు వద్దాం. కొన్ని ఆకులకు ఇంకో ఇబ్బంది. మసి గాడిలోనే ఉంటుంది గానీ, పొగకూ నూనెకూ వయసుకూ ఆకు మొత్తం ముదురు గోధుమరంగుకు తిరిగిపోయి నలుపులో నలుపు కలిసిపోతుంది. అక్కడ పక్క వెలుతురు కన్నా ఇన్‌ఫ్రారెడ్ బాగా పనిచేస్తుంది. మన కన్ను సుమారు 700 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. కెమెరా సెన్సర్ వెయ్యి దాకా చూడగలదు, కానీ రంగులు చెడిపోకుండా కంపెనీలే దాని ముందు ఒక అడ్డు ఫిల్టర్ పెడతాయి. ఆ ఫిల్టర్ తీయించిన పాత కెమెరాతో, 850 లేదా 940 నానోమీటర్ల దీపాల కింద తీస్తే ఆకు గోధుమరంగు తేలిపోయి దాదాపు తెల్లగా వస్తుంది, మసి బొగ్గు జాతి కాబట్టి నల్లగానే ఉండిపోతుంది. సీసీటీవీలకు రాత్రిపూట వాడే దీపాలు ఈ రకమే, బజార్లో దొరుకుతాయి. అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీవాళ్ళు మధ్వాచార్యుల రచనలున్న తాళపత్రాలకు ఈ దారే పట్టారు. ఒక జాగ్రత్త ఏమిటంటే, ఇన్‌ఫ్రారెడ్‌లో ఫోకస్ కాస్త జరుగుతుంది. మామూలు వెలుతురులో ఫోకస్ పెట్టి ఫిల్టర్ వేసుకోకూడదు, ఇన్‌ఫ్రారెడ్‌లోనే లైవ్ వ్యూ పెద్దది చేసి సరిచూసుకోవాలి. మీ ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు టీవీ రిమోట్ నొక్కి చూడండి. కొన కొద్దిగా వెలిగినట్టు కనబడితే ఆ కెమెరాకు కొంచెం ఇన్‌ఫ్రారెడ్ చూపు ఉన్నట్టు. దస్త్రానికి అది చాలదు గానీ, ఏ ఆకులకు ఈ పద్ధతి పనికొస్తుందో ముందే తేల్చుకోవడానికి బాగుంటుంది.

జమీందారీ కాగితాలకు ఇదే పద్ధతి వాడితే అక్షరాలు కనబడటం మాట అటుంచి, ఉన్నవి కూడా ఫోటోలో పలచబడతాయి. గోధుమరంగుకు తిరిగిన ఆ సిరా చాలావరకు కరక్కాయ లాంటి వగరు కాయల రసానికి ఇనుప ఉప్పు కలిపి చేసే రకం. బొగ్గు మసిలా అది ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపదు. దానికి అతినీలలోహిత కాంతి కావాలి. 365 నానోమీటర్ల టార్చి కింద పాత కాగితం నీలంగా మెరుస్తుంది, సిరా ఉన్నచోట మెరవదు, కాబట్టి వెలిసిన అక్షరం నల్లగా బయటపడుతుంది. యూవీ ఆపే కళ్ళద్దాలు తప్పనిసరి, పిల్లల్ని గదిలోకి రానివ్వకండి, కాగితం మీద అవసరమైనంత సేపే వేయండి.

గంజపా ముక్కలకు చిక్కు లక్క మెరుపు. చింతగింజల జిగురుతో గుడ్డ పొరలు అతికి, సుద్ద పూసి, రంగులు వేసి, పైన లక్క పూస్తారు కదా, ఎటు నుంచి వెలుతురు వేసినా ఎక్కడో ఒకచోట తెల్లగా కొడుతుంది. రెండు లైట్లకూ మెరుపును అణచే పోలరైజర్ షీట్లు ఒకే దిశలో అంటించి, లెన్స్‌కు పోలరైజర్ ఫిల్టర్ పెట్టి మెరుపు మాయమయ్యేదాకా తిప్పండి. రంగు ఉన్నదున్నట్టు వస్తుంది. తర్వాత ఫిల్టర్ తీసేసి మెరుపుతో కూడా ఒకటి తీయండి, ఎందుకంటే లక్క ఎక్కడ పగిలిందో చెప్పేది ఆ మెరుపే. యూవీ టార్చి కింద లక్క నారింజ వన్నెలో వెలుగుతుంది, ఎవరైనా తర్వాత రంగు దిద్దిన చోటు వేరుగా తేలుతుంది.

సవర గోడబొమ్మల గురించి. కెమెరా పరంగా ఇది తేలికే. ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపు, తేడా స్పష్టంగా ఉంటుంది. ఇల్లు చీకటిగా ఉంటుంది కాబట్టి ట్రైపాడ్, ఎక్కువసేపు తెరిచి ఉంచే షట్టర్ కావాలి. గోడ చదునుగా ఉండదు కనుక పక్క పక్క ఫోటోలు 70 శాతం ఒకదానిమీద ఒకటి పడేలా వరసగా తీసుకుంటూ పోతే, మెష్‌రూమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మూడు కొలతల నమూనా కట్టిస్తుంది. కష్టమంతా కెమెరా బయట ఉంది. అవి అలంకారానికి వేసినవి కావు, పెద్దలకూ దేవతలకూ ఇంట్లో ఇచ్చిన చోటు. మళ్ళీ పూజ వస్తే చెరిపి కొత్తగా వేయడమూ ఉంది. ఇంటివాళ్ళనీ పూజారినీ అడిగి, ఎందుకు తీస్తున్నారో, ఎక్కడ పెడతారో చెప్పి, వద్దంటే కెమెరా బ్యాగులోంచి తీయకుండా తిరిగి రండి. తీయనిస్తే ప్రింట్లు ఆ ఇంటికి చేరాలి. బొమ్మలో ఏది ఎవరో వాళ్ళ నోటితో చెప్పింది, వాళ్ళ అనుమతితో రికార్డు చేసుకోండి. ఆ మాటలు లేని ఫోటో సగం ఫోటోయే.

ఇక దస్త్రం. తాడు విప్పే ముందే కట్టను ఆరు వైపుల నుంచీ తీయండి, చెక్క పలకలతో, ముడితో సహా. ఆకులు ఏ వరసలో దొరికితే ఆ వరసలో తీయాలి, అంకెల ప్రకారం సర్దేయాలనే ఆరాటం వద్దు. తప్పు వరస కూడా ఒక సమాచారమే. ఖాళీ ఆకులనూ, రెండో వైపులనూ వదలకండి. ఫైలు పేరులో కట్ట, ఆకు, వైపు, వెలుతురు రకం ఉండాలి, ఉదాహరణకు కట్ట02_ఆకు017_వెనుక_ఎడమటార్చి లాగా. రా ఫైళ్ళు అలాగే ఉంచి, పనికి నాణ్యత తగ్గని టిఫ్ ప్రతులు చేసుకోండి. వాట్సాప్‌లో పంపిన ఫోటోను అసలు ప్రతి అనుకోకండి, అది కుదించి పంపుతుంది. మూడు ప్రతులు, రెండు వేర్వేరు డిస్కుల్లో, ఒకటి ఊరికి దూరంగా. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకే బీరువాలో ఆకులూ హార్డ్‌డిస్కూ రెండూ పెట్టుకుంటే దాచినట్టు కాదు.

గుడి వస్తువులు కూడా తీసే అవకాశం వస్తే, అందమైన కోణం కన్నా లోపాలను దగ్గరగా తీయండి. పోతపోసేటప్పుడు పడిన గుంత, విరిగిన వేలు, అరిగిన పీఠం అంచు. తమిళనాడులోని శ్రీపురందన్ గుడి నుంచి దొంగిలించిన నటరాజ విగ్రహం ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీకి చేరి, 2014లో తిరిగి వచ్చిందంటే పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ దగ్గరున్న పాత ఫోటోలు సాక్ష్యంగా నిలవడం అందులో పెద్ద కారణం. అలాంటి ఫోటోలు బయట పెట్టేటప్పుడు జీపీఎస్ వివరాలు తీసేయండి, ఏ ఊరి ఏ గుడో దొంగలకు చిరునామా ఇవ్వకూడదు.

చట్టం కూడా గుర్తుంచుకోండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 75 ఏళ్ళు దాటిన విలువైన రాతప్రతి, వందేళ్ళు దాటిన మిగతా వస్తువులు పురావస్తువుల కిందకు వస్తాయి. ఇంట్లో ఉండటం నేరం కాదు, కొన్ని రకాలకు రిజిస్ట్రేషన్ కావాలి, దేశం దాటించడం మాత్రం కుదరదు. రేకులు పెట్టెలో వంశంగా వచ్చినవి కాకుండా ఎప్పుడో పొలంలో దొరికినవైతే 1878 నాటి నిధి చట్టం వర్తిస్తుంది, కలెక్టర్‌కు తెలపాలి.

చివరగా, కట్ట ఎప్పటిదని అడిగారు. గ్రంథం చివరి ఆకు చూడండి. రాసినవాడు తన పేరు, తిథి, సంవత్సరం పెట్టేది సాధారణంగా అక్కడే. మీ ప్రాంతంలో తెలుగు లిపిలో ఉన్నా కాలం మాత్రం ఒడిశా గజపతి రాజుల ఏలుబడి ఏళ్ళను లెక్కపెట్టే అంకం లెక్కలో రాసి ఉండవచ్చు. ఆ లెక్కలో 1 ఉండదు, 6తో ముగిసే అంకెలు ఉండవు, 10 తప్ప సున్నాతో ముగిసేవి ఉండవు. అందుకని 19వ అంకం అంటే రాజు ఏలుబడిలో 16వ ఏడు. మీ పట్టికలో ఆకు మీద ఉన్న అంకెను ఉన్నట్టే ఒక గడిలో రాసి, మీరు మార్చి వేసిన సంవత్సరాన్ని పక్క గడిలో విడిగా రాయండి. రెండూ కలిపి రాస్తే తర్వాత తప్పు దిద్దడానికి దారి ఉండదు. మొదలుపెట్టేటప్పుడు ఆ చివరి ఆకునే నాలుగు దిక్కుల టార్చితో తీసి పెట్టండి, లిపి ఏదో చూసి చెప్తాను. వానలు తగ్గి గాలిలో తేమ పోయాకే కట్ట విప్పండి.